నాన్న తర్వాత పదకొండు సెకన్లు

హౌరా దగ్గరి టికియాపారా స్టేషను రెండో ప్లాట్‌ఫారం మీద నేను రోజూ నిలబడే చోటి నుంచి యార్డు కంచెకు నలభై అడుగులు. కంచె అవతల మొదటి లైను మీద, కడగడానికి తెచ్చిన బండి ఆగి ఉండేది. పద్దెనిమిది పెట్టెలు, ఒక్కో పెట్టెకు ఒక్కో వైపున నాలుగు చక్రాలు, ఒక వైపు మొత్తం డెబ్భై రెండు. ఉదయం 5.45కు మా నాన్న మొదటి చక్రాన్ని సుత్తితో కొట్టేవాడు. 6.11కు చివరిదాన్ని కొట్టేవాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఇరవై రెండు సెకన్లకు కాస్త తక్కువ. నేనెక్కే లోకల్ రైలు కూడా 6.11కే. నేను ప్లాట్‌ఫారం మీదికి 6.02కు చేరేదాన్ని కాబట్టి నాకు వినబడేవి చివరి ఇరవై ఐదు దెబ్బలు. అవి అయ్యాక బండి ఎక్కితే ఆరు నిమిషాల్లో హౌరా, అక్కణ్నుంచి బస్సులో పదమూడు కిలోమీటర్లు, ఎనిమిది గంటలకు క్లాసు.

మంచి చక్రాన్ని కొడితే గంటలా పలికి, ఆ పలుకు కొంతసేపు గాలిలో నిలుస్తుంది. పగులున్న చక్రం పొట్టిగా, పొడిగా ఒక మాట అని ఊరుకుంటుంది. ఆ తేడా వినడమే నాన్న ఉద్యోగం. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే పని. బండికి అవతలి వైపున అదే పని చేసే బెంగాలీ ఆయనా నాన్నా ఒకరినొకరు దాదా, అంటే అన్నా, అని పిలుచుకునేవారు. నేను ఆ బెంగాలీ ఆయనను కాకు అనేదాన్ని, అంటే బాబాయి. ఇద్దరూ బండికి చెరోవైపున, ఒకరికొకరు కనిపించకుండా, సుత్తి చప్పుళ్లతోనే అడుగులు కలుపుకుంటూ నడిచేవారు.

ఆ జులైలో నేను తూర్పు బైపాస్ దగ్గరి ఒక గుండె ఆస్పత్రిలో ఫిజిషియన్ అసిస్టెంట్ కోర్సులో చేరాను. మేం పద్నాలుగు మందిమి. ఆ కోర్సంటే ఏమిటో, తెలుగువాళ్లుండే మా రైల్వే క్వార్టర్ల వరుసలో ఎవరికీ తెలియదు. మొదటి వారంలో పక్కింటి పిన్ని గుమ్మంలోనే నిలదీసింది.

"ఏటమ్మా, ఇంతకీ నువ్వు డాక్టరువా, నర్సువా?"

"రెండూ కాదు పిన్నీ. డాక్టరు కంటే ముందు రోగిని చూసి, అన్నీ అడిగి, రాసి, ఆయనకు చెప్పేదాన్ని."

"అంటే కాంపౌండరన్నమాట. దానికి ఇంత సదువేల?"

మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్న నాన్న తలెత్తాడు. "కాదోలమ్మా. ఇంజనీరు బండి కాడికి రాకముందు బండిని సూసీది ఎవులు? నాను గదా. ఇదీ అంతే."

తర్వాత ఎన్నో పుస్తకాల్లో మా వృత్తికి నిర్వచనాలు చదివాను. అంతకంటే కచ్చితమైనది నాకు దొరకలేదు.

రెండో వారంలో రోగి ఛాతీ మీద వేలితో తట్టి చూడటం నేర్పారు. ఎడమచేతి మధ్యవేలిని ఛాతీ మీద ఆనించి, కుడిచేతి మధ్యవేలి కొనతో దాని మీద కొట్టాలి. ఊపిరితిత్తి ఉన్నచోట బోలుగా పలుకుతుంది. కుడివైపు కిందికి వచ్చేసరికి, కాలేయం మొదలయ్యేచోట, మొద్దుగా మారుతుంది. ఆ మారే గీతను కనిపెట్టాలి. మా సారు ఆస్పత్రుల్లో నలభై ఏళ్లు చేసి విశ్రాంతి తీసుకుంటూ, మాకోసం మళ్లీ వచ్చిన పెద్దాయన. నా చేతిని కాసేపు చూసి, "తలుపు తడుతున్నావా అమ్మాయ్? లోపల ఎవరూ లేరు, ఎవరూ తీయరు," అన్నారు. పదముగ్గురూ నవ్వారు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బల్ల మీద, గోడ మీద, నా మోకాలి మీద తడుతుంటే నాన్న దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మోచెయ్యి ఏల ఆడిస్తన్నావు? మణికట్టు ఆడించు. కొట్టీసి ఎంటనే తీసీయాల. సుత్తి దాని మీదే పడుకుంటే అదేటి మాటాడతాది?"

బియ్యం డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. మూత తీయకుండా, పక్కల తట్టి, బియ్యం ఎంతవరకు ఉన్నాయో చెప్పమన్నాడు. నేను చాక్‌పీసుతో గీత గీసేదాన్ని. ఆయన మూత తీసి తన వేలితో కొలిచేవాడు. మొదటి రోజు నాలుగు వేళ్ల తేడా. ఆరో రోజుకు అర వేలు. అమ్మ చేట పట్టుకుని ఎదురుగా నిలబడి, "తండ్రీకూతుళ్లు ఆ డబ్బా నాడి సూడ్డం అయితే నాను అన్నం వండుకుంటాను," అంది. ఆ తర్వాత నాన్న బనీను విప్పి మంచం మీద పడుకునేవాడు, నేను ఆయన కాలేయం మీది అంచును కనిపెట్టేదాన్ని. ఐదో పక్కటెముక కింది సందు. ప్రతిసారీ అక్కడే. ఊపిరి పీల్చి పట్టమంటే ఒక వేలు కిందికి దిగేది. ఒక నెలలో మా పద్నాలుగు మందిలో ఆ పని నా అంత బాగా చేసేవారు లేరు. సారు ఒకరోజు మిగతావారిని పిలిచి నా మణికట్టును చూపించారు.

నాన్న చెవికి మా వరుసలో ఒక హోదా ఉండేది. వేసవికి ముందు మంచినీళ్ల కుండ కొనాలంటే ఆడవాళ్లు ఆయనను వెంటబెట్టుకుని బజారుకు వెళ్లేవారు. ఆయన ఒక్కో కుండనూ చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి, "ఇది ఒద్దు, ఇది ఒద్దు, ఇదిగో," అని తీసి ఇచ్చేవాడు. పదకొండు ఇళ్లకు ఆయనే ఎంచేవాడు. నేను కోర్సులో చేరడానికి ముందటి ఏప్రిల్లో మా ఇంటికి ఎంచి తెచ్చిన కుండ మాత్రం మూడు రోజుల్లో అడుగున చెమర్చి, నాలుగోరోజుకు కారింది. ఈ కుమ్మరోడు మట్టి సరిగ్గా కాల్చలేదని అమ్మ తిట్టింది. ఆ కుండ సంగతి నేను అప్పుడు ఎక్కడా రాసుకోలేదు.

సెమిస్టరు చివర ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోవాలంటే ఒక రికార్డు పుస్తకం నింపి సారు సంతకం తీసుకోవాలి. పదిమంది ఆరోగ్యవంతులను తల నుంచి పాదం దాకా పరీక్షించి, చూసింది చూసినట్టు రాయాలి. ఆరోగ్యం అంటే ఏమిటో ముందు చేతికి తెలియాలి, జబ్బు తర్వాత దానంతటదే తెలుస్తుంది అనేవారు సారు. అమ్మ, పక్కింటి పిన్ని, స్నేహితులు, ఇలా తొమ్మిది మంది పూర్తయ్యారు. పదో మనిషిగా నాన్నను ఆఖరుకు ఉంచుకున్నాను. తీపిని ఆఖరుకు ఉంచుకున్నట్టే.

చెవికి ట్యూనింగ్ ఫోర్కుతో ఒక పరీక్ష ఉంది. మోగుతున్న ఫోర్కు కాడను ఎదుటి మనిషి చెవి వెనక ఎముక మీద ఆనించి, చెవి రంధ్రం మూసి, శబ్దం ఆగిపోగానే చెప్పమనాలి. చెప్పిన క్షణంలో ఫోర్కును తీసి పరీక్షించేవారు తమ చెవి వెనక పెట్టుకోవాలి. ఇద్దరి చెవులూ బాగుంటే ఆయనకు ఆగిన శబ్దం నాకూ ఆగిపోయి ఉంటుంది. నేను ఇంకా వింటున్నానంటే, ఆ వినేదంతా ఆయన పోగొట్టుకున్నది. తొమ్మిది మందికీ నాకూ మధ్య తేడా సున్నా నుంచి రెండు సెకన్లు.

ఈ పరీక్షకు నిశ్శబ్దం కావాలి. మా ఇంట్లో అది దొరకదు, యార్డు పడుకోదు. నవంబరులో ఒక బంద్ వచ్చింది. లోకళ్లు ఆగాయి, బస్సులు ఆగాయి, యూనియన్ ఆఫీసు మీది ఎర్రజెండా కింద నలుగురు క్యారంస్ ఆడుకుంటున్నారు. పుట్టి పెరిగిన ఇంట్లో గోడగడియారం చప్పుడు మొదటిసారి విన్నాను. పదీ ఇరవై అయింది. నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి, మోగుతున్న ఫోర్కును ఆయన చెవి వెనక ఆనించాను.

"అయిపోనాది," అన్నాడు నాన్న.

ఫోర్కు నా చెవి వెనక పెట్టుకున్నాను. అది మోగుతూనే ఉంది. సన్నగా, స్పష్టంగా, తొందర లేకుండా. గడియారం ముల్లు చూస్తూ లెక్కపెట్టాను. పదకొండు.

"ఏటే, అలగ సూస్తన్నావు?"

"సరిగ్గా పెట్టలేదనుకుంటాను నాన్నా. ఇంకోసారి."

రెండోసారి పన్నెండు. మూడోసారి పదకొండు. కుడిచెవి అది, చక్రం వైపు ఉండే చెవి. ఎడమవైపు తొమ్మిది.

"ఎంతొచ్చింది?"

"పదకొండు."

"మంచిదేనా?"

"సున్నా రావాలి నాన్నా."

ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. గుండీలన్నీ పెట్టుకున్నాడు. "దాదాకి తెల్సు," అన్నాడు. "రెండేళ్లయినాది. సన్నటి సప్పుడు అందదు. అయినా సెయ్యి సెప్తాది నాకు. పిడిలోంచి వొస్తాది. అనుమానం వొస్తే సెయ్యెత్తుతాను, దాదా పట్టాలు దాటొచ్చి ఇంటాడు."

"అనుమానం రాకపోతే?"

ఆయన నా చేతిలోని ఫోర్కు తీసుకుని బల్ల మీద పెట్టాడు.

జనవరిలో ఆయనకు రైల్వే ఆస్పత్రిలో వైద్య పరీక్ష ఉంది. చెవి తప్పితే ఉద్యోగం పోదు, జీతం పోదు. సుత్తి తీసుకుని వేరే పని ఇస్తారు. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ల రెండు నెలలు. ఆ మూడేళ్ల రెండు నెలలు సుత్తి తన చేతిలోనే ఉండాలన్నది ఆయన కోరిక. అంతకుమించి ఆయన ఏదీ అడగ్గా నేను వినలేదు. దానికి ఆయనా కాకూ ఒక ఉపాయం కూడా పన్నారు. అక్కడి డాక్టరు దూరంగా నిలబడి గుసగుసగా అంకెలు చెప్తాడట. ఎన్నేళ్లయినా అవే అంకెలట. కాకు ముందు వెళ్లి, విని, వచ్చి నాన్నకు చెప్తాడు.

"నీ బుక్కు మా రైల్వే ఆస్పత్రికి ఎల్తాదా?" అని అడిగాడు నాన్న.

"వెళ్లదు."

"అలగైతే నీ ఇష్టం."

నేను పదో పేజీలో, వినికిడి అన్నచోట, 'సాధారణం' అని రాశాను. నా చేత్తో ఒక రికార్డులో నేను రాసిన మొదటి అబద్ధం అది.

నాలుగు రోజుల తర్వాత సారు పుస్తకం తిరగేశారు. పదో పేజీ దగ్గర ఆగి, వెనక్కి మొదటి పేజీకి వెళ్లి, ఒక్కొక్కటీ చూసుకుంటూ మళ్లీ పదికి వచ్చారు.

"ఈ పదో ఆయన ఎవరు?"

"మా నాన్నగారు సర్."

"ఏం చేస్తారు?"

చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"తొమ్మిది మందికి సెకన్లు వేశావు. ఈయనకు మాట రాశావు. అంకె దొరికాక తీసుకురా, సంతకం పెడతాను."

కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది. ఇంటికి వచ్చి నాన్నకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన, "ఆదివారం యార్డుకి రా. నీ కాడ అంకె ఉన్నాది గదా, నా కాడా ఉన్నాది. సూద్దాం," అన్నాడు. తన చేతి మీద ఆయనకు అంత నమ్మకం.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్లాను. యార్డు చివరి లైను మీద, పని నుంచి తప్పించిన చక్రాలు పన్నెండు నిలబెట్టి ఉన్నాయి. వాటిలో మూడింటికి పగులున్నట్టు యంత్రం తేల్చింది. మిగతావి అరిగినవి మాత్రమే. పగిలిన వాటికి వెనకవైపున సుద్దతో గుర్తు పెట్టి ఉంది. ఏవేవో కాకుకు తెలుసు. ఆయన బీడీ ముట్టించి నా పక్కన నిలబడ్డాడు.

నాన్న మొదలుపెట్టాడు. మణికట్టు. దెబ్బ. వెంటనే పైకి. "బాగున్నాది." రెండోది. "బాగున్నాది." నాలుగోదాని దగ్గర ఆగి, మళ్లీ కొట్టి, "ఇది పోయింది," అన్నాడు. కాకు నన్ను మోచేత్తో పొడిచాడు, చూశావా అన్నట్టు. ఏడోది కూడా పట్టాడు. "ఏటే, రాసుకుంటన్నావా?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే, హుషారుగా. ఎనిమిది, తొమ్మిది బాగున్నాయి.

పదోదాన్ని కొట్టాడు. ఆ శబ్దం నా దాకా పొట్టిగా, పొడిగా వచ్చి ఆగింది.

"బాగున్నాది," అని పదకొండోదాని దగ్గరికి నడిచాడు.

కాకు నేల వైపు చూశాడు. పన్నెండూ అయ్యాక నాన్న ఇటు తిరిగి ముందు కాకు ముఖం, తర్వాత నా ముఖం చూశాడు. ఒక్కొక్క చక్రమే వెనక్కి వచ్చాడు. ప్రతిదాని దగ్గరా నా ముఖం చూస్తూ. పదోదాని దగ్గర ఆగిపోయాడు.

"దాదా, ఠండీలో లోహా గొంతు ఇలగే ఉంటాది," అన్నాడు కాకు. తెలుగు, హిందీ, బెంగాలీ కలిసిన మాట ఆయనది; చలిలో ఇనుము ఇలాగే పలుకుతుందని ఓదార్పు. "ఛేడే దావ్. ఒదిలెయ్."

నాన్న సుత్తి నా చేతికిచ్చాడు. "నువ్వు కొట్టు."

పిడి ఆయన చేతి వేడితో ఉంది. బొటనవేలు ఆనే చోట చిన్న గుంట. నా వేలు అందులో వదులుగా కూర్చుంది. కొట్టాను. మరోసారి కొట్టాను.

"ఎలగున్నాది?"

"ఏప్రిల్లో మనం కొన్న కుండలా ఉంది నాన్నా."

ఆయన ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత నిజంగానే నవ్వాడు. "అయితే మీయమ్మ ఆ కుమ్మరోణ్ని ఊరికినే తిట్టినాది."

చక్రం మీద అరచేయి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. అందులో ఇప్పుడు ఏ కదలికా లేదని నాకు తెలుసు. అయినా చేయి తీయలేదు. "ఒక బండిలో వెయ్యిమంది ఉంటారు," అన్నాడు, మాలో ఎవరితోనూ కాకుండా. సుత్తి మళ్లీ అడగలేదు. ఇంటిదాకా నేనే మోశాను.

సోమవారం ఆయన ఫోర్‌మన్ ఆఫీసుకు వెళ్లి, జనవరి దాకా ఆగకుండా, తన చెవి సంగతి తనే చెప్పి సుత్తి అప్పగించాడు. దుప్పట్ల స్టోరులో పని ఇచ్చారు. ఏసీ పెట్టెల దుప్పట్లు మడిచి కట్టలు కట్టే పని, తొమ్మిది నుంచి ఆరు దాకా. నేను రికార్డులో 'సాధారణం' మీద, మాకు నేర్పినట్టే, కింది పదం కనబడేలా ఒకే ఒక గీత గీసి, పక్కన సంతకం చేసి, అంకెలు వేశాను. సారు చూసి సంతకం పెట్టారు. ప్రాక్టికల్లో నాకు వచ్చింది ఛాతీ పరీక్షే. పాసయ్యాను.

ఆ వార్త విన్న రోజు కాకు యార్డు గేటు దగ్గర ఎదురయ్యాడు. "ఏం మా, పాసా?" అన్నాడు, బెంగాలీలో కూతురిని పిలిచే పిలుపుతో. అవునన్నాను. "నాన్నని ఫెయిల్ చేసి నువ్వు పాస్. బేష్." ఆ తర్వాత నాతో చాలాకాలం మాట్లాడలేదు. నాన్నతో మాత్రం రోజూ టీ తాగేవాడు.

నేను మామూలుగానే 6.02కు ప్లాట్‌ఫారం మీద ఉండేదాన్ని. కంచె అవతల కొత్తాయన కొట్టేవాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒకసారి పదిహేను సెకన్లు, ఒకసారి ముప్పై. చెవి తనకు తెలియకుండానే ఇరవై రెండో సెకను దగ్గర ఎదురుచూసేది. అక్కడ ఏమీ ఉండేది కాదు. సాయంత్రం ఇంటికి రాగానే, చెప్పులు విడవకముందే నాన్న అడిగేవాడు.

"ఇవాళ బండి ఎలగ పలికింది?"

"బాగానే పలికింది నాన్నా."

"కొత్తాయన మోచెయ్యి ఆడిస్తన్నాడా?"

"ఆడిస్తున్నాడు."

"సెప్పాల అతగాడికి," అనేవాడు. ఎవరు చెప్పాలో అనేవాడు కాదు. ఒకనాడు, మాట కాదు అంకె కావాలన్న సారు గుర్తుకొచ్చి, ఆ రోజు విన్న దెబ్బలన్నిటినీ వరసగా చెప్పాను: ఏది ఎంతసేపు నిలిచింది, ఏది కాస్త బరువుగా వచ్చింది. ఆయన కళ్లు మూసుకుని, మోకాలి మీద వేలితో ఒక్కొక్కటే కొట్టుకుంటూ విన్నాడు. ఆ రోజు నుంచి మూడేళ్లు, నేను లోకల్ ఎక్కిన ప్రతి రోజూ చెప్పాను.

ఇప్పుడు ఆయన లేడు. నేను ఆస్పత్రి ఏడో అంతస్తులో, డాక్టర్ల కంటే ముందు రోగుల దగ్గరికి వెళ్తాను. స్కాన్లు ఉన్నాయి, తట్టి చూడాల్సిన అవసరం చాలావరకు లేదు. అయినా ప్రతి ఛాతీనీ ఒకసారి తడతాను. మణికట్టు, దెబ్బ, వెంటనే పైకి. బోలుగా పలికి నిలిచినప్పుడల్లా కంచె అవతల ఎవరో తర్వాతి చక్రం వైపు నడుస్తున్నట్టు అనిపిస్తుంది. ఇరవై రెండు సెకన్లు ఆగాలనిపిస్తుంది. ఆగను, పక్క మంచం మీద మరో రోగి ఉంటారు.

ఆ మొదటి సెమిస్టరుకు అయిన ఖర్చూ నష్టమూ ఇవి. రికార్డులో కొట్టివేసిన పదం, ఒకటి. మట్టికుండ, ఒకటి. డిపోకు అప్పగించిన సుత్తి, పిడి మీది గుంటతో సహా, ఒకటి. కాకు నాతో మాట్లాడని నెలలు, పద్నాలుగు. నాన్న సుత్తి పట్టకుండా గడిచిన పనిదినాలు, సుమారు తొమ్మిది వందలు. రోజుకు ఒక్క బండి చొప్పున, అరవై నాలుగు వేల ఎనిమిది వందల దెబ్బలు. వినికిడి: కుడివైపు పదకొండు సెకన్లు, ఎడమవైపు తొమ్మిది.